పాస్‌వర్డ్ కరెక్టే, అయినా లుబుంటు లోపలికి రానివ్వడం లేదు: ఫార్మాట్ కొట్టించాలా?

భీమవరం నుంచి అడిగినవారి ప్రశ్న ఇది: 11 అంగుళాల పాత లాప్‌టాప్, అందులో లుబుంటు (ఉబుంటు కుటుంబంలో తేలికపాటి ఆపరేటింగ్ సిస్టమ్). బ్యాటరీ పోవడంతో ఎప్పుడూ ఛార్జర్ మీదే నడుస్తోంది. మొన్న కరెంటు పోయి టక్కున ఆగిపోయింది. అప్పట్నుంచి పాస్‌వర్డ్ తీసుకోవడం లేదు. రికవరీలోకి (ఆన్ అయ్యేటప్పుడు వచ్చే రిపేరు మెనూలోకి) వెళ్లి మార్చబోతే 'ఆథెంటికేషన్ టోకెన్ మానిప్యులేషన్ ఎర్రర్' అంటోంది. షాపులో ఫార్మాట్ ఒక్కటే దారి అంటున్నారు.

ఫార్మాట్ అక్కర్లేదండి. నాది అమలాపురం, డీటీపీ పని. వానాకాలంలో మా దగ్గర కరెంటు సంగతి మీకు చెప్పక్కర్లేదు. బ్యాటరీ లేని బుల్లి లాప్‌టాప్‌లు ఇంట్లోనూ చుట్టాల ఇళ్లలోనూ చాలానే చూశాను. మీరు రాసిన రెండూ ఒకటే సమస్య కాకపోవచ్చు.

ముందు మీరు కొట్టేదే పడుతోందో లేదో చూడండి. లాగిన్ స్క్రీన్‌లో చుక్కలే కనపడతాయి కాబట్టి తెలియదు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే నల్ల స్క్రీన్ వస్తుంది (కొన్నింటిలో ఎఫ్ఎన్ కూడా పట్టుకోవాలి). అక్కడ లాగిన్ అన్నచోట పాస్‌వర్డ్ టైప్ చేస్తే అక్షరాలు బయటికే కనిపిస్తాయి. చూసి చెరిపెయ్యండి, ఎంటర్ మాత్రం కొట్టొద్దు, లాగ్‌లో పడిపోవచ్చు. మా మేనకోడలి లాప్‌టాప్‌లో ఇలా చూస్తే కె నొక్కితే 2, ఎల్ నొక్కితే 3 పడుతున్నాయి! విడిగా నంబర్ ప్యాడ్ లేని చిన్న కీబోర్డుల్లో నమ్‌లాక్ పడితే యు, ఐ, ఓ కాస్తా 4, 5, 6 అవుతాయి. జె, కె, ఎల్ ఏమో 1, 2, 3. బయటి కీబోర్డు పెట్టి తీసేశాక ఇది ఎక్కువగా జరుగుతుంది. తెలుగు లేఅవుట్ వాడేవాళ్లయితే ఇంకోటి: నల్ల స్క్రీన్‌లో లాగిన్ అయి, మామూలు స్క్రీన్‌లో కాకపోతే అనుమానం లేఅవుట్ మీదే.

అక్షరాలు సరిగ్గానే పడుతున్నాయా? అయితే లాగిన్ స్క్రీన్ ఏమంటోందో గమనించండి. 'తప్పు పాస్‌వర్డ్' అనడం వేరు, ఏమీ అనకుండా ఒకసారి మెరిసి మళ్లీ అక్కడికే రావడం వేరు. రెండోదైతే పాస్‌వర్డ్ ఒప్పుకున్నట్టే. డిస్క్ నిండిపోయో, రాయడానికి వీల్లేకో డెస్క్‌టాప్ తెరుచుకోలేదు. 32 జీబీ స్టోరేజీ ఉన్నవాటికి డిస్క్ నిండడం మామూలే. రికవరీ మెనూలో క్లీన్ అనే ఆప్షన్ ఉంటుంది, అది కొంత ఖాళీ చేస్తుంది.

ఇక ఆ టోకెన్ ఎర్రర్. పేరు చూసి టెన్షన్ పడకండి. పాస్‌వర్డ్‌లు ఈటీసీ ఫోల్డర్‌లో షాడో అనే ఫైల్లో ఉంటాయి, దాంట్లో రాయడం కుదరలేదని దాని గోల, చాలాసార్లు అంతే. రికవరీలో రూట్ షెల్ (పూర్తి అధికారంతో కమాండ్లు కొట్టే చోటు) తెరిస్తే డిస్క్ మామూలుగా రీడ్ ఓన్లీగానే ఉంటుంది, అంటే చదవడమే తప్ప రాయడం కుదరదు. పైగా కరెంటు పోయి ఫైల్ సిస్టమ్ దెబ్బతింటే, ఇంకా పాడవకుండా ఉబుంటు కుటుంబం దాన్ని తనే రీడ్ ఓన్లీ చేసేస్తుంది. మీ విషయంలో రెండూ కలిసి ఉండొచ్చు. అందుకే రికవరీ మెనూలో ముందు ఎఫ్ఎస్‌సీకే (ఫైల్ సిస్టమ్‌ను సరిచూసి బాగుచేసేది) నడపండి, తర్వాతే రూట్‌లోకి వెళ్లండి. అక్కడ కొట్టాల్సింది: మౌంట్, స్పేస్, హైఫన్ ఓ, స్పేస్, రీమౌంట్ కామా ఆర్‌డబ్ల్యూ (కామా పక్కన ఖాళీ వద్దు), స్పేస్, స్లాష్. ఆ తర్వాత పాస్‌డబ్ల్యూడీ, పక్కన మీ యూజర్ నేమ్. ఇప్పుడు మారుతుంది. అన్నీ ఇంగ్లీషు చిన్నక్షరాలే.

ఎస్‌యూ (రూట్ యూజర్‌గా మారే కమాండ్) కొట్టి చూసి 'ఆథెంటికేషన్ ఫెయిల్యూర్' వచ్చిందని కంగారు పడేవాళ్లూ ఉన్నారు. అది అడిగేది రూట్ పాస్‌వర్డ్, ఉబుంటులో రూట్‌కి పాస్‌వర్డే పెట్టి ఉండదు. మీ పాస్‌వర్డ్‌తో పని జరిగేది సుడో అనే కమాండ్‌తోనే.

పాత పాస్‌వర్డ్ మర్చిపోకండి, బ్రౌజర్‌లో దాచినవాటికి కీరింగ్ (పాస్‌వర్డ్‌లు తాళం వేసి దాచే చోటు) దాన్నే అడగొచ్చు.

ఎఫ్ఎస్‌సీకే నడిచాక ఏం చూపించిందో ఇక్కడ రాయండి. అందులో 'ఐ/ఓ ఎర్రర్' అన్న మాట ఉంటే మాత్రం పాస్‌వర్డ్ సంగతి పక్కన పెట్టి, లైవ్ పెన్‌డ్రైవ్‌తో (ఇన్‌స్టాల్ చేయకుండానే లుబుంటు నడిచే పెన్‌డ్రైవ్) బూట్ చేసి ఫొటోలు, కాగితాలు బయటికి తీసుకోండి. డిస్క్ పోతున్నట్టు లెక్క.