పెరటి కూరగాయలు సంతలో అమ్మాలంటే రేటు ఎంత పెట్టాలి?

పెరట్లో ఆనపకాయలు, వంకాయలు, బరబాటీలు (అలసంద కాయలు) ఇంటికి మించి కాస్తున్నాయి, ఎలాగూ ఇంట్లో పండినవే కదా, సంతలో సగం రేటుకి ఇచ్చేస్తే తొందరగా అయిపోతాయి కదా అని అడిగారు. సగం రేటుకి మాత్రం ఇవ్వకండి, దయచేసి. మాది ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దునున్న పర్లాకిమిడి పక్క పల్లె, నేనూ పెరటి కాయలే పట్టుకెళ్ళి అమ్ముతుంటాను. మన పక్కన కూర్చునే సవర అక్కలు చీకటితో కొండ దిగి బుట్టలు మోసుకొస్తారు, ఆ వచ్చిన డబ్బుతోనే ఉప్పూ నూనే కొనుక్కుని తిరిగి ఎక్కాలి. మనం మిగిలిన సరుకే కదా అని కేజీ 20కి పెట్టీస్తే కొనేవాళ్ళు వాళ్ళ దగ్గరికెళ్ళి అక్కడ 20కే ఇస్తున్నారు నువ్వెందుకివ్వవు అని పీకుతారు. నా కళ్ళతో చూసాను, చాలా బాధేసింది.

పొద్దున్నే మారుబేరగాళ్ళు టోకున ఎంతకి ఎత్తుతున్నారో కనుక్కోండి, బజార్లో కొట్టువాడు విడిగా ఎంతకి అమ్ముతున్నాడో చూడండి, ఆ రెండిటికీ మధ్యన మీ రేటు. ఆంధ్రాలో 1999లో పెట్టిన రైతు బజార్లలో కూడా బోర్డు మీద రేటు ఇలాగే ఉంటుంది, టోకు కంటే పైన, బయట రిటైల్ కంటే కింద. సరిహద్దుకి ఆంధ్రా వైపునున్న పాతపట్నం రేటు కూడా తెలుసుకోండి, కొనేవాళ్ళు రెండు పక్కలా తిరుగుతారు కాబట్టి వాళ్ళకి తెలుసు. ప్రభుత్వం మార్కెట్ రేట్లు పెట్టే వెబ్‌సైటు అగ్‌మార్క్‌నెట్‌లో కనిపించేవి మార్కెట్ యార్డులో క్వింటాలు రేట్లు, 100తో భాగించి చూసుకోవచ్చు కానీ అదే సంత రేటు అనుకోకండి.

ఖర్చు లెక్క ఎక్కడ తప్పుతుందంటే, కోసినంతా అమ్ముడవుతుందని వేసుకుంటారు. ఆటోకి 60, ఆశీలు (సంతలో కూర్చున్నందుకు కట్టే రుసుము) 20 అయ్యాయనుకోండి, 20 కేజీలు పట్టుకెళ్తే 16 అమ్ముడైతే కేజీకి 5 రూపాయలు అక్కడే పోయినట్టు, 4 కాదు. దీనిమీద విత్తనం, ఎరువు, మీ కూలి. ఇంటి ఆడవాళ్ళు పొద్దున్నుంచి వంగి కోసింది కూడా కూలే, అది సున్నా వేస్తే లెక్కే కాదు.

చిల్లర గొడవ లేకుండా కేజీ 35 అనే బదులు పావు కేజీ 10 అనండి, కేజీ కావాలన్నవాళ్ళకి 35కి ఇవ్వండి. ఆకుకూర కట్ట ఎప్పుడూ 10 రూపాయలే ఉంచి, దొరికే కాలంలో కట్ట లావుగా, దొరకని కాలంలో సన్నగా కట్టండి, అందరూ చేసేది అదే. లేత వంకాయలు, ముదురువి ఒకే గోనె మీద కలిపి పోయకండి, కలిపితే మొత్తానికీ ముదురు రేటే వస్తుంది, ముదురువి పోగులు పెట్టి తక్కువకి ఇచ్చేయొచ్చు. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న కాటా పెట్టుకోండి. మందు కొట్టలేదంటే నిజంగా కొట్టకపోతేనే చెప్పండి, సంతలో దానికి డబల్ రేటు రాదు కానీ వాడుకగా వచ్చేవాళ్ళు కుదురుతారు, అదే పెద్ద లాభం.

ఎండెక్కాక తగ్గించాల్సింది తోటకూర, గోంగూర, బరబాటీల్లాంటివి, అవి సాయంత్రానికి వడిలిపోతాయి. గుమ్మడికాయ, చేమదుంప అయితే ఎందుకు తగ్గించడం, ఇంటికి తెచ్చేయండి, వచ్చే సంతకి పనికొస్తాయి. అదీకాక కార్తీకంలో ఒడియా వాళ్ళు చాలామంది హబిష అనే నియమం పట్టి నీచు ముట్టరు, చేమదుంప, అరటికాయ బాగా అడుగుతారు, ఆఖరి ఐదు రోజులు మరీనూ, కాబట్టి వీలైతే అవి అప్పటికి చేతికొచ్చేలా చూసుకోండి.