గాయపడి జట్టుకు దూరమైన బ్రదర్‌కు

వందనాలు బ్రదర్. మోకాలి గాయంతో జట్టులో చోటు పోయింది, అప్పటినుంచి ప్రార్థన కూడా మానేశాను, దేవుడు నన్ను పక్కన పెట్టేశాడా అని అడిగారు.

1923లో ఇంగ్లండ్‌లో జరిగిన 440 గజాల పరుగులో స్కాట్లండ్ క్రైస్తవ పరుగువీరుడు ఎరిక్ లిడెల్ మొదట్లోనే తోపులాటలో కిందపడ్డాడు. లేచేసరికి మిగతావాళ్లు దాదాపు 20 గజాలు ముందున్నారు. అయినా గెలిచాడు. మరుసటి ఏడాది ప్యారిస్ ఒలింపిక్స్‌లో, హీట్స్ (తొలి దశ పరుగులు) ఆరాధన దినమైన ఆదివారం పడ్డాయని 100 మీటర్లు వదులుకుని, 400లో బంగారు పతకం సాధించాడు. లేచిన ప్రతివాడూ గెలుస్తాడని మాత్రం చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను.

నాకైతే బైబిల్లోని మార్కు అనే యువకుడి సంగతే మీకు దగ్గరగా అనిపిస్తోంది. సువార్త ప్రయాణం మధ్యలో, పంఫూలియ అనే ప్రాంతంలో అపొస్తలుడైన పౌలును వదిలి వెళ్లిపోయాడు. తర్వాతి ప్రయాణానికి పౌలు అతణ్ని వద్దనేశాడు (జట్టులోంచి తీసేసినట్టే కదా!). పౌలు తోటి సేవకుడు బర్నబా మాత్రం మార్కును వదల్లేదు, వెంట తీసుకెళ్లాడు. చివరికి అదే పౌలు, మార్కును తీసుకురా, పరిచర్యలో నాకు పనికొస్తాడు అని తన శిష్యుడు తిమోతికి రాశాడు.

మీకూ ఒక బర్నబా కావాలి. ఈ వారమే సంఘంలో నమ్మకమైన ఒకరికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పండి. మోకాలి వ్యాయామాలకు ముందు రెండు నిమిషాలు ప్రార్థనకు ఉంచండి. మాటలు రాకపోతే 13వ కీర్తన పైకి చదవండి. అది మొదలయ్యేదే ఫిర్యాదుతో.