దుఃఖం అనే మాట లేకుండా దుఃఖం చెప్పడం ఎట్లా?

కవిత్వం రాసే, చదివే పాఠకుల ఉత్తరాలకు నల్గొండకు చెందిన విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడి జవాబులు

ప్రశ్న: సార్, నమస్తే. మాది అచ్చంపేట దగ్గర పల్లె. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న. మా నాయన ఏటా దసరా దాటినంక మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకొని పుణె పోతడు. ఈసారి బస్సెక్కేటప్పుడు “మోటరు వేసేటప్పుడు చెప్పులేసుకో, తడి చేతుల్తో స్టార్టరు ముట్టకు” అన్నడు, అంతే. ఇంకేం మాట్లాడలె. దాని మీద కవిత రాసి కాలేజీలో చదివితే ఎవ్వరికీ ఏమీ అనిపించలేదు. “గుండె బరువెక్కె, కనులు కన్నీటి సంద్రమాయె, విరహ వేదనలో విలవిలలాడె నా హృదయం” అని మొదలుపెట్టిన. భావోద్వేగం ఎట్లా తేవాలి సార్?

జవాబు: బిడ్డా, నీ ఉత్తరం చదువుతూ మీ నాయన మాట దగ్గర ఆగిపోయాను. కవిత మొత్తం రెండుసార్లు చదివాను, ఆ మాట అందులో ఎక్కడా లేదు. గుండె ఉంది, కన్నీళ్లు ఉన్నాయి, సంద్రం ఉంది. మోటరు లేదు, స్టార్టరు లేదు, చెప్పులు లేవు.

నువ్వు రాసిన మూడు మాటలూ బాధకు పేర్లు. పేరు చెబితే విన్నవాడికి సమాచారం అందుతుంది తప్ప బాధ అందదు. కవిత్వ లక్షణాలు చెప్పిన మన ఆలంకారికులు ఈ సంగతి చాలా ముందే పట్టుకున్నారు. మమ్మటుడు సంస్కృతంలో రాసిన ‘కావ్యప్రకాశం’లో రసదోషాలను, అంటే రసాన్ని చెడగొట్టే తప్పులను, వరసగా చెబుతూ, భావాన్ని దాని పేరుతోనే చెప్పడాన్ని మొట్టమొదట పెట్టాడు. పైగా ‘విరహం’ అనేది ప్రియుడికీ ప్రియురాలికీ మధ్య మాట. నాయన పుణె పోతే బిడ్డకు కలిగేది అది కాదు. ఎక్కడో చదివిన మాట నీ చేతిలోకి వచ్చి, నీ ఇంటి సంగతిని పక్కకు నెట్టేసింది.

మన పాత నల్గొండ జిల్లా సుద్దాల హనుమంతు పాట ఎత్తుగడ చూడు. “పల్లెటూరి పిల్లగాడా, పసులగాసే మొనగాడా, పాలు మరిచి ఎన్నాళ్లయ్యిందో, ఓ పాలబుగ్గల జీతగాడా!” జీతానికి కుదిరి పశువులు కాసే పసివాడి మీద కట్టిన పాట. ఈ ఎత్తుగడలో జాలి లేదు, దుఃఖం లేదు, దోపిడి అన్న మాటా లేదు. ‘పాలబుగ్గలు’, ‘జీతగాడు’ అనే రెండు మాటలు మాత్రం పక్కపక్కన కూర్చున్నాయి. అవి ఒకే పిల్లవాడి మీద ఉండకూడని మాటలు. ఉన్నాయి కనుకనే మనకు కడుపులో దేవినట్టు అవుతుంది. పదచిత్రం చేసే పని ఇదే. రెండు నిజాలను ఒకచోట పెట్టి కవి నోరు మూసుకుంటాడు.

ఇక గొంతు సంగతి. హనుమంతు ఆ పిల్లవాడి గురించి మనకు ఉపన్యాసం ఇవ్వడం లేదు. పొలం గట్టున నిలబడి వాడినే పలకరిస్తున్నాడు. ‘మొనగాడా’ అని ముద్దు చేస్తూ, పాలు మరిచి ఎన్నాళ్లయింది అని అడుగుతున్నాడు. ఇంట్లో పెద్దవాళ్లు అడిగే మామూలు ప్రశ్న అది. కవి కోపం తెచ్చుకోలేదు కాబట్టి ఆ కోపం వినేవాళ్లకు వస్తుంది. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో ఆ పాట ఊరూరా నిలబడిందంటే ఈ మెత్తని గొంతు వల్లనే అని నేను గట్టిగా నమ్ముతాను. అదే సంగతిని దొరను తిడుతూ ఎత్తుకొని ఉంటే, విన్నవాళ్లు నినాదంలా అందుకునేవాళ్లు. ఆ పిల్లవాడి ముఖం మాత్రం కనపడేది కాదు.

అందుకని నువ్వు ముందు తేల్చుకోవలసింది ఒకటే. నీ కవితలో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు? ఇప్పుడు నీ హృదయం లోకంతో మాట్లాడుతోంది. మీ నాయన నీతో మాట్లాడాడు. ఆ మాటను ఉన్నది ఉన్నట్టు పెట్టు. ‘ప్రేమగా అన్నాడు’ అని తగిలించకు. తగిలించావా, అది చచ్చిపోతుంది. అది ఆజ్ఞలా ఉంది, కసురుతున్నట్టు కూడా ఉంది. నెలల తరబడి దగ్గర ఉండలేని మనిషి, బిడ్డకు కరెంటు కొడుతుందేమోనన్న భయాన్ని అంతకన్నా వేరే గొంతుతో చెప్పలేడు. ఆ గొంతును నువ్వు సాఫు చేయకూడదు.

ఇంకొకటి అడుగుతాను, కవితకు పనికొస్తుంది. ఇప్పుడు మోటరు నువ్వే వేస్తున్నావు కదా, చెప్పులు వేసుకుంటున్నావా? పుణె నుంచి ఫోన్ వస్తే మీ నాయన ముందు ఏం అడుగుతాడు? అవి రాసి పంపు. సంద్రం వద్దు బిడ్డా, మీ బోరులో ఎంత నీళ్లు వస్తే అంతే చాలు.

ప్రశ్న: సార్, నేను మిర్యాలగూడలో రైస్ మిల్లులో పనిచేస్తాను. బడిలో బట్టీపట్టిన పోతన ‘సిరికిం జెప్పడు’ పద్యం ఇప్పటికీ నోట్లో ఆడుతుంది. సగం మాటలకు అర్థం తెలియదు, అయినా చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. అర్థం తెలియకుండా భావం ఎట్లా అందుతుంది?

జవాబు: తమ్ముడూ, మీకు అందవలసింది అందింది. ఆ పద్యంలో క్రియలన్నీ ‘డు’తో ఆగుతాయి. చెప్పడు, సంధింపడు, చీరడు, పన్నింపడు, ఒత్తడు, వీడడు. లక్ష్మికి చెప్పడు, శంఖచక్రాలు పట్టడు, పరివారాన్ని పిలవడు, గరుత్మంతుణ్ణి సిద్ధం చేయడు, చెవుల మీదికి జారిన జుట్టు సవరించుకోడు, ప్రణయకలహంలో పట్టుకున్న ఆమె చెంగు కూడా వదలడు. విష్ణువు గాలిలా వచ్చాడు, మెరుపులా వచ్చాడు అని పోతన అనలేదు. ఆయన చేయని పనులు చెప్పాడు. వదిలేసిన పనుల్లోంచి తొందర కనబడుతుంది. ఎందుకు వస్తున్నాడన్నది చిట్టచివరి మాటలో గాని తెలియదు, ‘గజప్రాణావనోత్సాహియై’ అని.

పద్యాన్ని కాగితం మీద నాలుగు పాదాలుగా రాసి చూడండి. ‘ఆకర్ణికాం’ దగ్గర రెండో పాదం అయిపోతుంది, ‘తర’ మూడో పాదంలోకి దూకుతుంది. ‘శ్రీకుచో’ దగ్గర మూడోది అయిపోతుంది, ‘పరి’ నాలుగో దాంట్లో పడుతుంది. మాట మధ్యలోనే పాదం విరుగుతోంది. ఊపిరి తీసుకుందామంటే చోటు లేదు. మిమ్మల్ని కూడా పోతన విష్ణువు వెంట పరుగెత్తించాడు. ఒళ్లు జలదరించడానికి నిఘంటువు అక్కరలేదు.

అంతకు ముందు వచ్చే ‘లావొక్కింతయు లేదు’ పద్యంలో గొంతు మారే చోటు మరీ గొప్పది. బలం లేదు, ధైర్యం చెదిరింది, ప్రాణాలు చోటు తప్పాయి, మూర్ఛ వచ్చింది, ఒళ్లు డస్సింది, శ్రమ అవుతోంది అని ఏనుగు ఆరు ముక్కల్లో తన స్థితి చెప్పుకుంటుంది. తరువాత ‘మన్నింపందగున్ దీనునిన్’ అంటుంది. ‘దీనుడు’ అని భావానికి పేరు పెట్టింది కదా అంటారేమో. ఆరు సాక్ష్యాలు చూపించాక వచ్చింది కనుక ఆ మాటకు బలం ఉంది. అక్కడిదాకా అది అర్జీ పెట్టుకునే గొంతు, మర్యాద తప్పలేదు. ఆ మరుక్షణమే ‘రావే ఈశ్వర, కావవే వరద, సంరక్షింపు భద్రాత్మకా’. మర్యాద ఏమైపోయింది? మునిగిపోయే ప్రాణికి అది గుర్తుండదు. గొంతులో వచ్చే ఈ మార్పును అలంకారశాస్త్రం కాకువు అంటుంది. నోటితో అయితే పలుకుతాం, అచ్చులో గొంతు వినపడదు. కాబట్టి కవి దాన్ని పిలుపులోనూ క్రియలోనూ దాచి మనకు ఇవ్వాలి. మీరు ఈసారి ఆ చివరి రెండు పాదాలను వేరువేరు గొంతులతో చదివి చూడండి.

ప్రశ్న: పోచంపల్లి చేనేత కుటుంబం నుంచి రాస్తున్న. అమ్మ ఆసు పోసేటప్పటి (నేతకు ముందు నూలును మేకుల చుట్టూ చేత్తో తిప్పేటప్పటి) కష్టం మీద కవిత రాసి పంపుతున్న. యాసలో రాయమని దోస్తులు అంటున్నరు. పుస్తకాల భాషలో రాస్తేనే కవిత్వమని నాకు భయం. ఏది సరి?

జవాబు: యాసను రుచి కోసం చల్లకండి. మనిషి మాట్లాడే చోట మాత్రం ఆమె నోటి మాటనే ఉంచండి. “భుజాన అనంత వేదన” అన్నది మీ పంక్తి. అమ్మ అట్లా అంటుందా? “రెక్క గుంజుతున్నది” అంటుంది. చేత్తో ఆసు పోస్తే ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. ఆ తిరుగుడు మీ పంక్తుల నడకలో రావాలి, పొట్టి పంక్తులు, మళ్లీ మళ్లీ అదే క్రియ. ‘ఆసు’కు కింద వివరణ రాశారు, తీసేయండి. తెలియని పాఠకుడు మీ పంక్తుల్లోనే తెలుసుకుంటాడు.

భయం సంగతికి వస్తే, పాత పాలమూరు జిల్లా గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్నకు ‘వల్లంకి తాళం’ మీద 2021 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆయన ఊరి మాటను వదిలిపెట్టి ఆ మెట్టు ఎక్కలేదు.

మూడో చరణం, అమ్మ దీపం ముందు కూర్చున్నది, బాగుంది. దాన్ని ముట్టుకోకండి. మిగతాది సరిచేసి ఈ నెలాఖరులోగా పంపితే వచ్చే సంచికకు ఎడిటర్ గారికి నేనే అందిస్తాను.