కండోమ్ చిరిగి 40 గంటలైంది, ఊళ్లో తెలిసిపోతుందని భయం. ఏం చేయాలి?

రాజాం దగ్గర్నుంచి ఒక తమ్ముడు అడిగాడు: ఇంకో అబ్బాయితో కలిశాను, కండోమ్ చిరిగింది, 40 గంటలైంది. అతను "నాకేం లేదు" అంటున్నాడు. మూడు నెలలాగి హెచ్‌ఐవీ టెస్ట్ చేయించుకుంటే చాలా? విజయనగరంలో చేయించుకుంటే మావాళ్లకి తెలిసిపోతుందా?

తమ్ముడూ, మూడు నెలల సంగతి తర్వాత. హెచ్‌ఐవీ రాకుండా ఆపే మందు మొదలుపెట్టడానికి ఉన్న 72 గంటల్లో నీకు ఇంకా 32 మిగిలాయి. ముందు ప్రభుత్వాసుపత్రికి బయల్దేరు, మిగతాది బస్సులో చదువుకో.

ఆ మందు పేరు పెప్, అదొక కోర్సు. వైరస్ ఒంట్లోకి వచ్చినా పాతుకుపోవడానికి కొంత టైం పడుతుంది. ఆలోపు మందు మొదలుపెట్టి 28 రోజులు మానకుండా వేసుకుంటే చాలావరకు ఆపేయొచ్చు. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. 72 గంటలు దాటితే ఇవ్వరు.

మొదటిసారి నాకీ ముక్క చెప్పినవాళ్లు లేరు. అప్పుడు శ్రీకాకుళంలో రూమ్ తీసుకుని చదువుకుంటున్నాను. నీకు జరిగినట్టే నాకూ జరిగింది. రెండు రోజులు నిద్రలేక, మూడో రోజు పొద్దున్నే నన్నెవరూ ఎరగరని విశాఖ పోయి ఒక ల్యాబ్‌లో రక్తం ఇచ్చాను. నెగెటివ్. ఆ సంబరంలో బిర్యానీ తిని రైలెక్కాను. ఆమదాలవలసలో దిగేసరికి 72 గంటలూ అయిపోయాయి. మూడో రోజు చేసే టెస్ట్ ఆ రాత్రి గురించి ఏమీ చెప్పదు, అంతకు ముందు సంగతే చెబుతుంది. ఇది తర్వాత తెలిసింది. ఇక మూడు నెలలు జలుబు చేసినా అదేనేమో అని టెన్షన్. చివరికి ఏమీ లేదని తేలింది, బతికిపోయాను.

రెండోసారికి కొంచెం బుద్ధొచ్చింది. మాలాంటివాళ్లకి హెచ్‌ఐవీ రాకుండా పనిచేసే టీఐ ప్రాజెక్టులో పీర్ ఎడ్యుకేటర్‌గా (తోటివాళ్లకి ఇవన్నీ చెప్పే పని) ఉన్న ఒక ట్రాన్స్ అక్కకి ఫోన్ చేశాను. ఇద్దరం ఒక ప్రభుత్వాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లాం. "అది సూదులు గుచ్చుకున్న మా స్టాఫ్‌కి ఇచ్చేది" అని డ్యూటీ డాక్టర్ పంపేయబోయాడు. అక్క అరవలేదు (అరవగలదు, నేను చూశాను). కుర్చీ లాక్కుని కూర్చుని, "కౌన్సెలర్‌ని పిలవండి సార్, మేం ఉంటాం" అంది. అరగంటలో మాత్రల సీసా నా చేతిలో ఉంది. నిన్నూ అలాగే అంటే వెనక్కి రాకు, హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ ఎక్కడని అడుగు. విజయనగరం, శ్రీకాకుళం ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో ఉన్నాయి. అక్కడా కుదరకపోతే టైం పోగొట్టుకోకుండా ప్రైవేటు ఫిజీషియన్ చేత చీటీ రాయించుకుని కొనుక్కో. దారిలో హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చెయ్యి, డబ్బులు పడవు.

చూస్తారన్న భయం సంగతి. ఐసీటీసీ (ప్రభుత్వాసుపత్రిలో హెచ్‌ఐవీ టెస్ట్ చేసే గది) ముందు నిలబడితే అందరికీ అర్థమైపోతుందని నేనూ అనుకున్నాను. తీరా చూస్తే లైన్‌లో సగం మంది కడుపుతో ఉన్న ఆడవాళ్లు, ఎందుకంటే గర్భిణులందరికీ, టీబీ ఉన్నవాళ్లకీ ఈ టెస్ట్ చేస్తారు. నా వెనకున్న ముసలాయన "ఏటి బాబూ, నీకూ దగ్గేనా?" అన్నాడు. అవును తాతా అన్నాను. కౌన్సెలర్ తలుపు వేసే మాట్లాడారు. నీ అనుమతి లేకుండా నీ రిపోర్టు సంగతి బయటపెట్టకూడదని 2017 హెచ్‌ఐవీ చట్టం ఉంది. పోలీసుల గురించి కూడా భయపడకు. ఇష్టపడిన ఇద్దరు పెద్దవాళ్లు కలవడం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న చెప్పేసింది.

అతను "నాకేం లేదు" అన్నది అబద్ధం కాకపోవచ్చు, అతనికే తెలిసుండకపోవచ్చు. ఒకవేళ పాజిటివ్ అయినా, మందులు సరిగ్గా వాడుతూ వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందన్న లెక్క) టెస్టుకు అందనంత తగ్గినవాళ్ల నుంచి కలయిక ద్వారా రాదు. కానీ అదంతా తెలుసుకునేదాకా కూర్చోకు.

ఇప్పుడు ఎక్కువగా ఇచ్చేది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన ఒకే మాత్ర, రోజుకొకటి. నాకు మొదటి వారం కడుపులో తిప్పింది, నిద్ర సరిగ్గా పట్టలేదు. గ్యాస్ మందులు, ఐరన్, కాల్షియం బిళ్లలు వాడుతుంటే డాక్టర్‌కి చెప్పు, రెండింటి మధ్య గ్యాప్ ఉండాలి. కిడ్నీ, హెపటైటిస్ బి టెస్టులు కూడా అడుగు. ఆరు వారాలకి, మూడు నెలలకి మళ్లీ హెచ్‌ఐవీ టెస్ట్ ఉంటుంది.

చిరగడానికి కారణం కొబ్బరినూనె అయ్యుంటే (నా విషయంలో అదే) ఇంక వాడకు. ఏ నూనైనా, వాజలీనైనా రబ్బరుని పాడుచేస్తుంది. "ఆ నూనె తలకి రాసుకో బావూ" అని అక్క నవ్వి, నీళ్లతో చేసిన జెల్ ప్యాకెట్లు చేతిలో పెట్టింది. టీఐ ఆఫీసులో కండోమ్‌లతో పాటు అడుగు. తరచూ కలుస్తుంటే ప్రెప్ గురించి కూడా అడుగు. అది కలవకముందే మొదలుపెట్టే మాత్ర, టెస్ట్ నెగెటివ్ అని చూశాకే రాస్తారు.

సీసా చేతికొచ్చాక ఒక ముక్క రాయి తమ్ముడూ, ఎదురుచూస్తుంటాను.