ఎంబీఏలో ఏ గ్రూపు తీసుకోవాలి?

ప్రశ్న: మేడం గారూ, నేను మిర్యాలగూడలో బీకాం ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మా నాయిన రైస్ మిల్లులో గుమాస్తా. సీజన్లో లారీలు ఎక్కువైతే నేనూ వెళ్లి కంప్యూటర్లో లెక్కలు రాసే ట్యాలీలో ఎంట్రీలు కొడతాను. ఎంబీఏ చేయాలని ఉంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా పెద్దమ్మ కూతురు ‘హెచ్‌ఆర్ తీసుకో, ఆడపిల్లలకు తేలిక’ అంటోంది. ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఇరవై వేలు ముందు కడితే మేనేజ్‌మెంట్ కోటాలో సీటు ఖాయం అంటున్నారు. నాయిన అప్పు తెస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: బిడ్డా, ముందు ఆ ఇరవై వేలు కట్టొద్దు. మీ నాయినను అప్పుకు పోనీయొద్దు. మిగతావి నింపాదిగా మాట్లాడుకుందాం కానీ ఈ మాట మాత్రం ఈ పూటే ఇంట్లో చెప్పు.

ఎందుకింత గట్టిగా అంటున్నానంటే, నేను అట్లా చేరినదాన్నే. ఏజెంటు మాట నమ్మి నల్లగొండ నుంచి పోయి సిటీ శివారులో ఒక కాలేజీలో చేరాను. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందన్నాడు. మేనేజ్‌మెంట్ కోటా సీటుకు అది రాదని చేరిన తర్వాత తెలిసింది. బాకీ కట్టేదాకా సర్టిఫికెట్లు ఇవ్వలేదు. మా అమ్మ మెడలో గొలుసు అమ్మి తెచ్చుకున్నాం. ఇప్పటికీ పెళ్లిళ్లకు పోయినప్పుడు అమ్మ మెడ వైపు చూడలేను.

నువ్వు ఎంబీఏ సీట్ల కోసం పెట్టే ఐసెట్ రాయి. 2025లో ఆ పరీక్ష జరిపింది మన నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీయే. 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. తప్పు జవాబుకు మార్కులు కోయరు, కాబట్టి ఒక్క ప్రశ్నా వదలకు. అనలిటికల్ 75, లెక్కలు 75, ఇంగ్లిష్ కమ్యూనికేషన్ 50. ఇంగ్లిష్ రాదని జంకే పిల్లలకు నేను ఇదే చెబుతాను: 150 మార్కులు దాని బయటే ఉన్నాయి. మంచి ర్యాంకు తెచ్చుకొని కన్వీనర్ కోటాలో, అంటే ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీటులో చేరు. అప్పుడే రీయింబర్స్‌మెంట్‌కు అర్హత.

ఇక గ్రూపు సంగతి. హెచ్‌ఆర్ తేలిక అన్న మాట నేను ఒప్పుకోను. జీతాలు, పీఎఫ్, ఈఎస్‌ఐ, కార్మికుల తగాదాలు అన్నీ నెత్తిన పడతాయి. మనసు అటు ఉంటేనే తీసుకోవాలి. నీ ఉత్తరంలో మనసు ఎటుందో నాకు కనపడింది. హెచ్‌ఆర్ గురించి ఒక్క వాక్యం రాశావు, అదీ మీ అక్క మాట. నీ గురించి నువ్వు రాసింది మిల్లులో పని.

నేను పన్నెండేళ్లుగా బ్యాంకులో రుణాల విభాగంలో ఉన్నాను. మిల్లర్లకు క్యాష్ క్రెడిట్ ఇస్తాం, అంటే స్టాకు మీద, అవసరమైనప్పుడు తీసుకొని డబ్బు వచ్చినప్పుడు కట్టే అప్పు. వానాకాలం, యాసంగి కోతలప్పుడు ధాన్యం కొనాలంటే డబ్బు ఒక్కసారిగా కావాలి, అది తిరిగి రావడానికి నెలలు పడుతుంది. స్టాకు తనిఖీకి పోయి వరుసగా పేర్చిన సంచుల నెట్లు లెక్కపెట్టడం మా పని. ఒకసారి సిటీ నుంచి కొత్తగా వచ్చిన ఎంబీఏ అబ్బాయి, పుస్తకంలో ఉన్న బరువుకూ కాంటా మీది బరువుకూ తేడా వచ్చిందని కంగారుపడ్డాడు. దొంగతనమేమో అన్నాడు. అక్కడి గుమాస్తా లెక్క చెప్పాడు: 17 శాతం తేమతో వచ్చిన క్వింటా ధాన్యం 14కు ఎండితే దాదాపు మూడున్నర కిలోలు తగ్గుతుంది. అది ఆవిరైపోయిన నీళ్లు. వేల సంచుల మీద ఆ మూడున్నర కిలోలు ఎంతవుతాయో నీకు నేను చెప్పనక్కర్లేదు.

ఆ లెక్క నీకు ఇంట్లోనే వచ్చింది. ప్రభుత్వానికి మర పట్టి ఇచ్చేటప్పుడు క్వింటాకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 అప్పజెప్పాలన్నదీ నీకు తెలిసే ఉంటుంది. తౌడు, నూకలు, ఊక ఎవరికి ఎంతకు పోతాయో కూడా. అందుకే ఫైనాన్స్ తీసుకో, వీలుంటే ఆపరేషన్స్ లేదా సప్లై చెయిన్ దానికి జత చేసుకో. చాలా కాలేజీల్లో గ్రూపు రెండో ఏడాదిలోనే ఎంచుకుంటారు, తొందర లేదు. బ్యాంకుల్లో వ్యవసాయ రుణాలు, గోదాముల నిర్వహణ, ఆహార కంపెనీల్లో కొనుగోలు విభాగం: ఇవన్నీ నీకు తెరుచుకునే తలుపులు. పల్లె వ్యాపారాల నిర్వహణ నేర్పడానికే 1979లో గుజరాత్‌లోని ఆనంద్‌లో పెట్టిన ఇర్మా అనే విద్యాసంస్థ ఉంది, దాని వివరాలు కూడా చూడు.

ఒక్కటి మాత్రం తెలిసి ఉండు. మొదటి ఉద్యోగం చాలామందికి టార్గెట్లు ఉన్న సేల్స్ ఉద్యోగమే వస్తుంది. నాకూ అదే వచ్చింది. రెండేళ్లు ఇన్సూరెన్స్ అమ్మాను. ఎదుటి మనిషి డబ్బు గురించి ఎట్లా ఆలోచిస్తాడో అప్పుడే నేర్చుకున్నాను.

ఈ సీజన్లో ఒక పని చేయి. మిల్లుకు వచ్చిన ఒక్క లారీని పట్టుకో. కాంటా చీటీ నుంచి బియ్యం బయటికి పోయేదాకా ఎన్ని రోజులు పట్టింది, ఎంత తగ్గింది, డబ్బు ఎప్పుడు వచ్చింది, ఒక తెల్లకాగితం మీద రాయి. మిల్లు పేరు, యజమాని పేరు వద్దు. మీ నాయినతో కూర్చొని రాస్తే ఇంకా మంచిది. ఆ కాగితం నాకు పంపించు, ఇంటర్వ్యూలో దాన్ని ఎట్లా చెప్పాలో నేను చెబుతాను.