అర్జీ మూడుసార్లు వెనక్కి వచ్చింది, నేనేం చదవాలి?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట దగ్గర పల్లె. బీఏ చివరి సంవత్సరం చదువుతున్నాను. తాతగారు పోయాక ఆయన పేరున ఉన్న ఎకరం భూమిని నాన్న పేరు మీదకు మార్పించుకోవడానికి ఏడాదిగా తిరుగుతున్నాం. అర్జీ మూడుసార్లు వెనక్కి వచ్చింది. ఈ వ్యవస్థను బాగుచేసే ఉద్యోగం చేయాలని ఉంది. సివిల్స్ కోసం ఢిల్లీ వెళ్లాలా, గ్రూప్-2 రాయాలా, పబ్లిక్ పాలసీ చదవాలా?

జవాబు: ఆ అర్జీ మూడుసార్లూ ఏ కారణంతో వెనక్కి వచ్చిందో రాసి పెట్టుకున్నారా? లేకపోతే ఈ వారమే రాయండి. ఇంటిపేరులో అక్షరం తేడానా? కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం లేదన్నారా? భూమి ఎవరి పేరున ఎంత ఉందో చూపే వన్-బీ రికార్డులో విస్తీర్ణం సరిపోలలేదా? మీరు చేయాలనుకుంటున్న ఉద్యోగానికి మొదటి పాఠం ఆ కాగితాల్లోనే ఉంది.

విజయనగరంలో నా దగ్గర సలహా తీసుకున్న ఒకమ్మాయి డిప్యూటీ తహసీల్దారు అయింది. చేరిన కొత్తలో ఆమె ఒక రూళ్ల నోటు పుస్తకం కొని, వెనక్కి పంపిన ప్రతి అర్జీ పక్కన కారణం రాసుకుంటూ వచ్చింది. రెండు నెలలకు చూస్తే ఎక్కువ అర్జీలు ఒకే కాగితం దగ్గర ఆగిపోతున్నాయి. ఆ కాగితం కావాలని జనానికి ముందుగా ఎవరూ చెప్పడం లేదు. ఏ పనికి ఏ పత్రాలు తేవాలో పెద్ద అక్షరాలతో తెలుగులో రాయించి గుమ్మం పక్కన అంటించింది. జీవో రాలేదు, నిధులు అడగలేదు. పాలనా సంస్కరణ అన్నప్పుడల్లా నాకు ఆ నోటు పుస్తకమే గుర్తొస్తుంది.

పెద్ద మార్పులు మనం చూడకపోలేదు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం వంశపారంపర్యంగా వస్తున్న కరణం, మునసబు వ్యవస్థను రద్దు చేసింది. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. 2011లో మీసేవ, 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు, 2025 జనవరిలో వాట్సాప్‌లో ప్రభుత్వ సేవలందించే ‘మన మిత్ర’ మొదలయ్యాయి. ఈ నలభై ఏళ్లలో కార్యాలయం ఇంటికి దగ్గరైంది. నిర్ణయం మాత్రం అంత దగ్గరకు రాలేదు. అర్జీ మీ ఊళ్లోనే ఇవ్వవచ్చు. కానీ వీఆర్వో విచారించి నివేదిక పంపాలి, తహసీల్దారు ఆమోదించాలి. అర్జీ తీసుకునే వారికి తేల్చే అధికారం లేదు. తేల్చేవారికి మీ నాన్నగారి ముఖం కూడా తెలియదు. మీ తరం పని చేయాల్సిన చోటు ఇదే అని నా నమ్మకం.

ఇక దారుల సంగతి. మీ ఆవేదన భూమి రికార్డుల మీద కాబట్టి గ్రూప్-2కే నా మొదటి ఓటు. డిప్యూటీ తహసీల్దారు, సబ్ రిజిస్ట్రార్ పోస్టులు అందులోనే ఉంటాయి. నిబంధనను మార్చలేరు కానీ అది మీ బల్ల మీద ఎలా నడవాలో నిర్ణయించగలరు. నిబంధనలు రాసే చోటుకు చేరాలంటే సివిల్స్ రాయాలి. అక్కడి కష్టం కూడా తెలుసుకోండి: మొదలుపెట్టిన పని పూర్తికాకముందే బదిలీ వస్తుంది. కేంద్ర ప్రభుత్వ మాజీ కేబినెట్ కార్యదర్శి టీఎస్ఆర్ సుబ్రమణియన్ తదితరులు వేసిన కేసులో 2013లో సుప్రీంకోర్టు అధికారులకు కనీస పదవీకాలం ఉండాలని, మౌఖిక ఆదేశాలను రాతలో నమోదు చేయాలని చెప్పింది. అలా చెప్పాల్సి వచ్చిందంటే ఆ ఒత్తిడి ఎంతటిదో ఊహించండి. పబ్లిక్ పాలసీ మంచి చదువే, బెంగళూరులోని నేషనల్ లా స్కూల్ వంటి చోట్ల ఉంది. అంకెలతో, సర్వేలతో పనిచేయడం ఇష్టమైతేనే అటు చూడండి.

డిగ్రీ అవగానే ఢిల్లీ వెళ్లవద్దు. ఆ ఎకరం తాకట్టు పెట్టి అసలే వెళ్లవద్దు. జనరల్ అభ్యర్థులకే సివిల్స్ 32 ఏళ్ల వరకు ఆరుసార్లు రాసే వీలుంది, బీసీలకు 35 ఏళ్ల వరకు తొమ్మిదిసార్లు. ఉద్యోగంలో చేరి కూడా రాయవచ్చు.

ఈలోగా రెండో పాలనా సంస్కరణల సంఘం నివేదికలు చదవండి. 2005లో వీరప్ప మొయిలీ అధ్యక్షతన ఏర్పడిన ఆ సంఘం 15 నివేదికలు ఇచ్చింది. నాలుగోది నైతికత మీద, పదోది సిబ్బంది వ్యవస్థ మీద, పన్నెండోది పౌరుడే కేంద్రంగా సాగే పాలన మీద. సివిల్స్ మెయిన్స్‌లో రెండో, నాలుగో జనరల్ స్టడీస్ పేపర్లకు కూడా పనికొస్తాయి. తొందరపడి కోచింగ్ నోట్సుతో సరిపెట్టుకోకండి, పన్నెండోది మాత్రం పూర్తిగా చదవండి.

ముందు నాన్నగారి పని చూడండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా ఫిర్యాదుల కార్యక్రమానికి మూడు తిరస్కరణ కాగితాలూ తీసుకెళ్లండి, రసీదు అడిగి తీసుకోండి. మీ అర్జీ ఏ తేదీన ఎవరి దగ్గర ఉందో, ఏ నిబంధన కింద తిరస్కరించారో చెప్పమని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దరఖాస్తు మీరే మీ చేత్తో రాయండి, ఎవరితోనూ రాయించవద్దు.