రేషన్ బియ్యం ఉచితమయ్యాక నష్టపోయినదెవరు?

"2023 నుంచి రేషన్ బియ్యం పూర్తిగా ఉచితమే కదా, ఇంకా నష్టపోయేవారెవరు?" అని అడిగారు. ఒడిశా గజపతి జిల్లాలో, పర్లాకిమిడి దగ్గరి పల్లెలో ఉంటున్న తెలుగువాడిగా చెబుతున్నాను: కార్డున్న ప్రతి ఇల్లూ నష్టపోయింది, ఆంధ్రా నుంచి కోడలిని తెచ్చుకున్న ఇల్లు మరింత నష్టపోయింది.

ఒడిశాలో 2013 ఫిబ్రవరి నుంచి కిలో బియ్యం ఒక్క రూపాయికే ఇచ్చేవారు. కరోనా కాలంలో, 2020 ఏప్రిల్‌లో మొదలై మధ్యలో కొన్ని నెలలు ఆగి 2022 డిసెంబరు వరకు, మనిషికి వచ్చే ఐదు కిలోలకు తోడు కేంద్రం మరో ఐదు కిలోలు ఉచితంగా ఇచ్చింది. 2023 జనవరిలో ఆ అదనపు బియ్యం ఆగిపోయి, పాత ఐదు కిలోలకే ఉచితమన్న పేరు వచ్చింది. నలుగురున్న ఇంటికి నెలకు మిగిలింది 20 రూపాయలు, తగ్గింది 20 కిలోలు. ఈ లెక్క ఏ బ్యానరు మీదా నాకు కనబడలేదు.

నిరుపేదలకిచ్చే అంత్యోదయ కార్డుకు, ఎందరున్నా ఇంటికి 35 కిలోలు కనుక వారికి పేర్ల గొడవ అంతగా లేదు. మాకు తలకు ఐదు కిలోలు కాబట్టి, కార్డులో లేని పేరంటే బజారులో కొనవలసిన బియ్యమే. మా అన్నయ్య కొడుక్కి శ్రీకాకుళం జిల్లా పిల్లను చేసుకున్నాము. రెండు ఊళ్ల మధ్య ఆటోలో వెళ్లే దూరమే. కోడలి పేరు చేర్చమని దరఖాస్తు పెడితే, ఆమె ఆధార్ తండ్రిగారి బియ్యం కార్డులో ఉన్నదని, అక్కడ తీయించిన కాగితం తెమ్మని అన్నారు. అక్కడికి వెళితే, ఒడిశాలో చేరిన ఆధారం చూపిస్తే తీస్తామన్నారు. మా వదిన గుమస్తా బల్ల ముందు నిలబడి, "బాబూ, మా కోడలు ఇక్కడే వండుతున్నాది, ఇక్కడే తింటున్నాది, అన్నానికి రోజూ పుట్టింటికెళ్తాదా?" అని నిలదీసింది. అతడు నవ్వి, నిజమేగానీ కంప్యూటరు ఒప్పుకోదన్నాడు. తరువాత పాప పుట్టింది. తల్లి పేరు ఎక్కేదాకా దాని దరఖాస్తూ కదలలేదు.

ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పథకంలో 2020 జూన్‌లో ఒడిశా కూడా చేరింది కనుక, తండ్రి కార్డు మీదే ఆమె తన వాటాను ఇక్కడి డీలరు దగ్గర తీసుకోవచ్చని కొందరు సలహా ఇచ్చారు. ఆ వాటాను వాళ్ల నాన్నగారు అప్పటికే తీసుకుంటున్నారు. ఐదు కిలోల కోసం వియ్యంకుడితో తగవు ఎవరు పెట్టుకుంటారు? పైగా రాష్ట్రాల కోటాలు ఇప్పటికీ 2011 జనగణన లెక్క మీదే నడుస్తున్నాయి కనుక, కొత్త పేర్లకు చోటు దొరకడమూ కష్టమే.

ఈ ఉచితాన్ని 2024 జనవరి నుంచి మరో ఐదేళ్లు పొడిగించారు. సరిహద్దు దాటి సంబంధం చేసుకునేవారు పెళ్లి కాగానే పుట్టింటి కార్డులో పేరు తీయించే దరఖాస్తు ముందుగా పెట్టి, రసీదు భద్రంగా దాచుకోవాలి.